ఇంటి స్టీరియోలో నిండుదనం ఎక్కడ పోతోంది?

కొత్తగా కొన్న స్టీరియోలో గాయకుడి గొంతు సన్నబడి, తాళాల చప్పుడు చెవిలో గుచ్చుకుంటూ, మృదంగం తొప్పి (బరువైన స్వరం పలికే ఎడమ వైపు) మీద పడిన దెబ్బ వినీ వినిపించనట్టు ఉన్నప్పుడు మనలో చాలామంది మొదట అనుమానించేది ఆంప్లిఫయర్‌ను. దాన్ని తీసేసి, ట్రాన్సిస్టర్లకు బదులు పాతకాలపు గాజు వాల్వులతో పనిచేసే ఆంప్లిఫయర్ తెచ్చుకుంటే, అదీ కుదరకపోతే ఖరీదైన కేబుళ్లు వేస్తే ధ్వని నిండుగా, వెచ్చగా మారుతుందన్న సలహా దుకాణాల్లోనూ, సంగీతం వినే స్నేహితుల మధ్యా తరచూ వినిపిస్తుంది. ఆ సలహాలో కొంత నిజం లేకపోలేదు గాని, దాని వరస తలకిందులుగా ఉంది. ధ్వనిని పలచబరిచే కారణాల్లో పెద్దవి గదిలోనూ, స్పీకర్లు పెట్టిన చోటులోనూ, మనం వినే వాల్యూమ్‌లోనూ ఉంటాయి. ఆంప్లిఫయర్ వంతు చివరన వస్తుంది, కేబుల్ వంతు దాదాపు రానే రాదు. ఇది ఎందుకో అర్థం కావాలంటే ముందుగా ఈ నిండుదనం ఏ పౌనఃపున్యాల దగ్గర, అంటే సెకనుకు ఎన్ని కంపనాల (హెర్ట్జ్‌ల) దగ్గర ఉంటుందో చూడాలి.

కర్ణాటక సంగీతం పాడే పురుషుడు ఒకటిన్నర శ్రుతి పెట్టుకున్నాడనుకుంటే ఆయన మధ్య షడ్జం సుమారు 139 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మంద్ర పంచమానికి దిగినప్పుడు అది 104 హెర్ట్జ్ అవుతుంది. ఐదున్నర శ్రుతిలో పాడే గాయని షడ్జం 208 హెర్ట్జ్, మంద్ర పంచమం 156 హెర్ట్జ్. అంటే మనిషి గొంతులోని బరువు, తంబురా నాదంలోని గాంభీర్యం, వీణ మంద్ర తీగ మోగినప్పటి గుమ్ముదనం ఎక్కువగా 100 నుంచి 300 హెర్ట్జ్‌ల మధ్యనే ఉంటాయి. కిటికీ అద్దాలు అదిరేలా చేసే 30, 40 హెర్ట్జ్‌ల లోతైన బాస్ వేరు, గొంతుకు ఒళ్లు తెచ్చే ఈ ప్రాంతం వేరు. ఈ రెంటినీ ఒకటిగా అనుకోవడం వల్లనే చాలామంది లోతైన బాస్ కోసమే ఉండే సబ్‌వూఫర్ అనే స్పీకర్ కొని, గది దద్దరిల్లుతున్నా పాట మాత్రం పలచగానే ఉందని నిరాశపడతారు. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మన చెవి అన్నిటికంటే చురుగ్గా స్పందించేది 2 నుంచి 5 కిలోహెర్ట్జ్‌ల ప్రాంతానికి. అక్కడ కాస్త ఎక్కువైతే కింది స్వరాలు సరిపడా ఉన్నా లేనట్టే తోస్తుంది. కాబట్టి నిండుదనం అంటే కింది స్వరాలను పెంచడం ఒక్కటే కాదు, పై స్వరాల దురుసును తగ్గించడం కూడా.

ఈ విషయాన్ని చక్కగా చూపించే నిదర్శనం బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ ఇంజనీర్లు 1970లలో తయారుచేసిన ఎల్‌ఎస్ 3/5ఏ అనే చిన్న స్పీకర్. బయటి ప్రసారాలకు తిరిగే వ్యాన్లలో కూర్చుని మాటల నాణ్యతను పరీక్షించడానికి దాన్ని రూపొందించారు. ఎత్తు 30 సెంటీమీటర్లు, అందులో కింది స్వరాలు పలికే వూఫర్ 5 అంగుళాలది. అంత చిన్న పెట్టె నుంచి లోతైన బాస్ రావడం భౌతికశాస్త్రం ఒప్పుకోని పని. ఆ ఇంజనీర్లు అందుకు ప్రయత్నించనూ లేదు. 100 హెర్ట్జ్‌లకు కొంచెం పైన ఉన్న ప్రాంతాన్ని స్వల్పంగా ఎత్తి ఉంచారు, అంతే. ఆ చిన్న ఎత్తు వల్ల మానవ కంఠం ఎంత సహజంగా, ఎంత నిండుగా వినిపించిందంటే, అర్ధ శతాబ్దం తర్వాత కూడా ఆ నమూనాను కొత్తగా తయారుచేసి అమ్ముతూనే ఉన్నారు. లోతు లేకపోయినా వెచ్చదనం ఉండగలదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక చెవి సంగతి. బెల్ ప్రయోగశాలలో పనిచేసిన ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లో ప్రచురించిన పరిశోధన ప్రకారం శబ్దం తగ్గే కొద్దీ మన చెవి కింది స్వరాలను మిగతావాటికంటే ఎక్కువగా కోల్పోతుంది. ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 226 అంకెలనే తీసుకుంటే, 1000 హెర్ట్జ్ స్వరం 40 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతను కొలిచే ప్రమాణం) దగ్గర ఎంత గట్టిగా వినిపిస్తుందో, 100 హెర్ట్జ్ స్వరం అంతే గట్టిగా వినిపించాలంటే 64 డెసిబెల్స్ కావాలి. తేడా 24. అదే 80 డెసిబెల్స్ స్థాయిలో 100 హెర్ట్జ్‌కు సుమారు 92 చాలు, తేడా సగానికి సగం తగ్గి 12 అవుతుంది. కచేరీ స్థాయిలో వినడానికి సరిచూసి రికార్డు చేసిన పాటను రాత్రి పది దాటాక, పక్క ఫ్లాటువారికి ఇబ్బంది కలగకూడదని బాగా తగ్గించి వింటే 100 హెర్ట్జ్ దగ్గర మనకు 12 డెసిబెల్స్ వరకు లోటు పడుతుంది. స్పీకర్‌లో ఏ లోపమూ లేకుండానే పాట ఎండిపోయినట్టు వినిపించడానికి ఇది పెద్ద కారణం. పాత ఆంప్లిఫయర్ల మీద ఉండే లౌడ్‌నెస్ అనే మీట ఈ లోటును పూడ్చడానికే పెట్టింది. స్వచ్ఛత పేరుతో తయారీదారులు దాన్ని చాలావరకు తీసేయడం శ్రోతలకు నష్టమే చేసిందని నా అభిప్రాయం. యామహా కొన్ని ఆంప్లిఫయర్లలో ఇప్పటికీ ఈ సవరణను కొద్దికొద్దిగా పెంచుకునే వీలున్న నాబ్ ఇస్తోంది. తక్కువ వాల్యూమ్‌లో వినేవారికి అది ఎంతో విలువైన సదుపాయం.

గదిలోకి వెళ్లేముందు ఒక చిన్న పరీక్ష తప్పనిసరిగా చేయాలి. రెండు స్పీకర్లలో ఒకదానికి ఎరుపు, నలుపు వైర్లు తారుమారైతే ఒక స్పీకర్‌లో కదిలే కోన్ ముందుకు వచ్చే సమయంలో రెండోది వెనక్కి పోతుంది. కింది స్వరాలు గాలిలోనే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గాయకుడు రెండు స్పీకర్ల నడుమ నిలవక ఎటో చెదిరిపోయినట్టు, బాస్ మాయమైనట్టు ఉంటే అనుమానించవలసింది దీన్నే. స్పీకర్లను దగ్గరగా జరిపి, రెండింటిలోనూ ఒకే ధ్వని వచ్చే మోనో పాట ఒకటి పెట్టి, ఆంప్లిఫయర్ ఆపి ఒక స్పీకర్ వైర్లు మాత్రం మార్చి మళ్లీ వినాలి. ఏ అమరికలో బాస్ నిండుగా ఉందో అదే సరైనది. దీనికి పైసా ఖర్చు లేదు.

తర్వాతది, అన్నిటికంటే పెద్దది, గది. పదిహేను అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిని తీసుకుందాం. మన ఇళ్లలో ఇది మామూలు కొలతే. ధ్వని వేగం సెకనుకు 346 మీటర్లుగా లెక్కిస్తే పొడవు వెంట 38 హెర్ట్జ్ దగ్గర, వెడల్పు వెంట 47 దగ్గర, ఎత్తు వెంట 57 దగ్గర తరంగాలు గోడల మధ్య నిలబడిపోతాయి. వాటి రెట్టింపులు 76, 95, 113 దగ్గర కూడా అలాగే నిలుస్తాయి. నిలిచిన తరంగం గోడల దగ్గర బలంగాను, కొన్ని నిర్దిష్టమైన చోట్ల దాదాపు సున్నాగాను ఉంటుంది. మొదటి వరస తరంగాలకు ఆ సున్నా గది సరిగ్గా మధ్యలో పడుతుంది. అందుకే హాలు మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నవారికి బాస్ లేదనిపిస్తుంది, అదే సమయంలో గోడకు ఆనుకుని ఉన్న దివాన్ మీద కూర్చున్నవారికి అది మితిమీరి మోగుతుంది. ఇద్దరూ వింటున్నది ఒకే స్టీరియో. కుర్చీని ఒకటి రెండు అడుగులు వెనక్కో ముందుకో జరిపితే వచ్చే మార్పు ఆంప్లిఫయర్ మార్చినా రాదు.

ఇక్కడ విదేశీ పుస్తకాల సలహాలను మక్కికి మక్కి పాటించకూడదని గట్టిగా చెప్పాలి. అమెరికాలో చాలా ఇళ్ల గోడలు చెక్క చట్రం మీద జిప్సం పలకలు బిగించి కట్టినవి. బాస్ తగిలినప్పుడు అవి కొద్దిగా వంగి దాన్ని కొంత మింగుతాయి, కొంత బయటికి పోనిస్తాయి. ఇటుక గోడలు, ఆర్‌సీసీ శ్లాబు ఉన్న మన గదుల్లో ఆ బాస్ ఎక్కడికీ పోదు. కనుక మన దగ్గర శిఖరాలు (ధ్వని మితిమీరే స్వరాలు) మరింత ఎత్తుగా, గోతులు (ధ్వని పడిపోయే స్వరాలు) మరింత లోతుగా ఉంటాయి. మన సమస్య సాధారణంగా బాస్ లేకపోవడం కాదు, ఒకచోట మితిమీరి మరొకచోట లేకపోవడం.

నిలిచే తరంగాలు ముఖ్యంగా 100 హెర్ట్జ్ కింద పనిచేస్తే, గొంతులోని బరువును కాజేసేది స్పీకర్ వెనక ఉన్న గోడ. కింది స్వరాలు స్పీకర్ నుంచి ముందుకే కాక అన్ని వైపులకూ వ్యాపిస్తాయి. స్పీకర్ ముందు పలక నుంచి వెనక గోడకు ఉన్న దూరం ఏ స్వరపు తరంగదైర్ఘ్యంలో పావు వంతుకు సమానమవుతుందో, ఆ స్వరం గోడకు తగిలి తిరిగి వచ్చేసరికి సగం తరంగం ఆలస్యమై, నేరుగా వచ్చే ధ్వనిని దెబ్బతీస్తుంది. దూరం 60 సెంటీమీటర్లయితే ఆ గొయ్యి 144 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. పైన చెప్పిన గాయకుడి షడ్జం దాదాపు అక్కడే ఉంది. దూరం ఒక మీటరైతే గొయ్యి 86 దగ్గరికి దిగుతుంది, 30 సెంటీమీటర్లయితే 288 దగ్గరికి ఎక్కుతుంది. స్పీకర్‌ను గోడకు ఎంత దూరం జరిపితే అంత మంచిదన్న నమ్మకం అందువల్ల అన్ని వేళలా నిజం కాదు. చిన్న స్పీకర్లను గోడకు దగ్గరగా జరిపితే గొయ్యి పైకి పోతుంది, గోడ ఆసరాతో కింది స్వరాలు కూడా బలపడతాయి. వెనకవైపు గాలి రంధ్రం ఉన్న పెట్టెకు మాత్రం రంధ్రం ఊపిరి పీల్చుకునేంత ఖాళీ వదలాలి. నేల నుంచి వూఫర్ ఎత్తు, పక్క గోడకు దూరం, వెనక గోడకు దూరం మూడూ సమానంగా లేకుండా చూసుకుంటే మూడు గోతులూ ఒకేచోట పడకుండా ఉంటాయి.

స్పీకర్లను షోకేసులోనో గోడ అలమరలోనో ఇరికించడం మన ఇళ్లలో చాలా మామూలు. ఆ అలమర డబ్బాలా మోగి బాస్ పెరిగినట్టు భ్రమ కలిగిస్తుంది. పరీక్ష తేలిక. బాస్ గిటార్‌లోనో వీణలోనో స్వరాలు మారుతున్నా కింద మాత్రం ఒకే మోత వినిపిస్తూంటే అది నిండుదనం కాదు, అలమర మోత. వేరే చోటే లేకపోతే స్పీకర్ ముఖాన్ని అలమర అంచుకు సమంగా తెచ్చి, చుట్టూ ఉన్న ఖాళీని పుస్తకాలతోనో దూదితోనో నింపాలి.

గది చేసే రెండో నష్టం పై స్వరాల్లో. హార్వర్డ్‌లో పనిచేసిన సబైన్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, గదిలో శబ్దం ఎంతసేపు నిలుస్తుందో తేల్చడానికి ఇచ్చిన సూత్రంతో మన గదినే లెక్కగడదాం. గది ఘనపరిమాణం సుమారు 51 ఘనపు మీటర్లు, గోడలు, నేల, పైకప్పు కలిపి ఉపరితలం 84 చదరపు మీటర్లు. గచ్చు, పాలరాయి, విట్రిఫైడ్ టైల్స్, సున్నం పూసిన గోడ తమ మీద పడిన ధ్వనిలో రెండు మూడు శాతానికి మించి పీల్చుకోవు. ఆ లెక్కన ఖాళీ గదిలో శబ్దం పూర్తిగా సద్దుమణగడానికి మూడు సెకన్లకు పైగా పడుతుంది. సంగీతం వినడానికి అర సెకను దరిదాపుల్లో ఉండాలి. సామాన్లు, మనుషులు చేరాక ఆ కాలం తగ్గుతుంది గాని, టీవీ యూనిట్, గాజు బల్ల, రెండు కుర్చీలు మాత్రమే ఉన్న హాలులో తగినంత తగ్గదు. చప్పట్లు కొడితే గోడల మధ్య టపటపమని ఎగిరే ప్రతిధ్వని వినిపిస్తే అక్కడ ఏ స్పీకరైనా దురుసుగానే పలుకుతుంది.

దీనికి మందు గుడ్డ, దూది, ఉన్ని, పుస్తకాలు. అయితే మందం ముఖ్యం. వరంగల్ జంపఖానా లాంటి పలచని నూలు నేత నేల మీద పరిస్తే బాగా పై స్వరాలను మాత్రమే పీల్చుకుంటుంది. ఏలూరు తివాచీ లాంటి దట్టమైన ఉన్ని కుచ్చు ఉన్నది, కింద మరొక పరుపు పొర వేస్తే, ఇంకొంచెం కిందికి పనిచేస్తుంది. మడతలు మడతలుగా వేలాడే బరువైన పరదాలు గోడకు అర అడుగు ఎడంగా ఉంటే మరీ మంచిది. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. పలచని ఫోమ్ ముక్కలు గోడల నిండా అతికించేవారు పై స్వరాలను చంపేసి, కింది మోతను మాత్రం ఉన్నదున్నట్టు వదిలేస్తారు. గది మూగబోతుంది, నిండుదనం మాత్రం రాదు. 100 నుంచి 300 హెర్ట్జ్‌ల దాకా పనిచేయాలంటే పది సెంటీమీటర్లో అంతకు మించో మందమున్న రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూది లాంటి పదార్థం) పలకలను గుడ్డతో గట్టిగా కప్పి, గోడకు కొంత దూరంగా, మూలల్లో నిలబెట్టాలి. అంత శ్రమ పడలేనివారికి నిండుగా పుస్తకాలున్న బీరువా, పెద్ద గుడ్డ సోఫా, వాడని దూదిపరుపు కూడా నిజమైన సాయమే చేస్తాయి.

ఇవన్నీ చూసుకున్నాక టోన్ కంట్రోల్ దగ్గరికి, అంటే కింది స్వరాలకు బాస్, పై స్వరాలకు ట్రెబుల్ అనే నాబ్‌ల దగ్గరికి రావచ్చు, రావాలి కూడా. పీటర్ బాక్సాండల్ 1952లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ప్రచురించిన సర్క్యూట్ నుంచి పుట్టిన ఈ రెండు నాబ్‌లను వాడటం అపచారమని హైఫై ప్రియుల్లో ఒక పట్టుదల ఉంది. దాన్ని నేను ఒప్పుకోను. డెన్మార్క్‌కు చెందిన ధ్వని కొలత పరికరాల సంస్థ బ్రూల్ అండ్ కేయర్ 1974లో సూచించిన కొలత ప్రకారమైనా, కెనడాలో ధ్వని పరిశోధకుడు ఫ్లాయిడ్ టూల్ మొదలుపెట్టిన శ్రోతల పరీక్షల తర్వాతి ఫలితాల ప్రకారమైనా, గదిలో మనుషులకు నచ్చే ధ్వని బల్లపరుపుగా ఉండదు. బాస్ నుంచి ట్రెబుల్ వైపు మెల్లగా దిగుతూ ఉంటుంది. అందుచేత ట్రెబుల్ రెండు డెసిబెల్స్ తగ్గించడంలో తప్పు లేదు. చాలాసార్లు బాస్ పెంచడం కంటే అదే మేలు చేస్తుంది. స్పీకర్లు సూటిగా చెవి వైపు కాక కొద్దిగా బయటికి తిప్పినా పై స్వరాలు పలికే ట్వీటర్ పదును తగ్గి ఇదే ఫలితం వస్తుంది. కొలత మైక్రోఫోన్, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉన్నవారు శిఖరాలను కచ్చితంగా కోయవచ్చు. గోతులను మాత్రం పూడ్చబోకూడదు. రెండు తరంగాలు కొట్టేసుకునే చోట ఎంత శక్తి పోసినా రెండూ కలిసే పెరుగుతాయి, పది డెసిబెల్స్ పెంచాలంటే ఆంప్లిఫయర్ పది రెట్లు శక్తి ఇవ్వాలి, గొయ్యి గొయ్యిలాగే ఉంటుంది.

పరికరాల్లో అసలైన తేడా తెచ్చేది స్పీకర్. పెట్టె చిన్నదిగా ఉండాలి, బాస్ లోతుగా రావాలి, తక్కువ వాట్లకే గట్టిగా మోగాలి అన్న మూడు కోరికల్లో రెండే తీరతాయన్నది ఈ రంగంలో హాఫ్‌మన్ ఉక్కు సూత్రంగా పేరుపడింది. హాలు పెద్దదైతే, స్థలం ఉంటే, 8 అంగుళాల వూఫర్ ఉన్న పెద్ద పెట్టెకు నాలుగున్నర అంగుళాల వూఫర్ ఉన్న నాజూకు స్తంభం సాటి రాదు. మూసిన పెట్టెలో బాస్ తన హద్దు దాటాక అష్టకానికి (పౌనఃపున్యం సగానికి దిగిన ప్రతిసారీ) 12 డెసిబెల్స్ చొప్పున మెల్లగా తగ్గుతుంది, రంధ్రమున్న పెట్టెలో 24 చొప్పున వేగంగా పడిపోతుంది. మన గట్టి గోడల గదుల్లో మూసిన పెట్టె తరచూ మరింత పొందికగా పలుకుతుంది. సబ్‌వూఫర్ వాడితే 80 హెర్ట్జ్ దగ్గర విడదీసి, చిన్న స్పీకర్లకు ఆ కింది బరువు పోకుండా చేయాలి. అప్పుడు వాటి వూఫర్ గొంతుల ప్రాంతాన్ని నిశ్చింతగా పలుకుతుంది.

వాల్వుల ఆంప్లిఫయర్ మహిమకు కూడా లెక్క ఉంది. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ అవుట్‌పుట్ నిరోధం సాధారణంగా ఓమ్‌లో చాలా చిన్న భాగం, వాల్వులదైతే రెండు ఓమ్‌ల దాకా ఉండవచ్చు. ఎనిమిది ఓమ్‌ల స్పీకర్ బాస్ అనునాదం (వూఫర్ తనంతట తాను తేలిగ్గా ఊగే పౌనఃపున్యం) దగ్గర ముప్పై ఓమ్‌లకు ఎక్కితే, ఆ రెండు ఓమ్‌ల కారణంగా అక్కడ దాదాపు 1.4 డెసిబెల్స్ ధ్వని పెరుగుతుంది. స్పీకర్ నాలుగు ఓమ్‌లకు దిగిన చోట 1.6 తగ్గుతుంది. దీనికి తోడు సింగిల్ ఎండెడ్ అనే రకం వాల్వు ఆంప్లిఫయర్లు అదనంగా చేర్చే రెండో హార్మోనిక్, అంటే రెట్టింపు పౌనఃపున్యం, అదే స్వరపు పై స్థాయి కాబట్టి చెవికి అపశ్రుతిగా తోచదు. ఇది నిజంగా వినిపించే తేడానే, ఇష్టపడటంలో తప్పేమీ లేదు. కాకపోతే అది మంత్రం కాదు. 1985లో ఆంప్లిఫయర్ల రూపకర్త బాబ్ కార్వర్ అమెరికాలోని స్టీరియోఫైల్ పత్రిక విమర్శకులు ఎంచిన వాల్వు ఆంప్లిఫయర్‌కు సరిపోయేలా తన ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌ను సవరించి చూపగా, రెంటికీ తేడా వాళ్లు పట్టలేకపోయారు. కేబుల్ విషయానికొస్తే, ఎలక్ట్రికల్ షాపులో దొరికే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఐదు మీటర్ల దూరానికి, రానూపోనూ కలిపి, సుమారు 0.07 ఓమ్ నిరోధమే చూపుతుంది. ఎనిమిది ఓమ్‌ల స్పీకర్‌కు అది లెక్కలోకి రాదు.

చివరిగా రికార్డింగుల మాట. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణిని వాల్వు రేడియోల్లో విన్న తరానికి ఆ ధ్వని మెత్తగా, కమ్మగా గుర్తుండటానికి ఒక కారణం మీడియం వేవ్ రేడియోలు నాలుగైదు కిలోహెర్ట్జ్‌లు దాటిన స్వరాలను దాదాపు వదిలేయడం, ఆ పైన పెద్ద చెక్క పెట్టెలో వెడల్పాటి స్పీకర్ ఉండటం. ఘంటసాల కాలం నాటి అవే మోనో పాటలను ఇప్పుడు గీతల చప్పుడు తుడిచి, పై స్వరాలు సానబట్టి విడుదల చేసిన డిజిటల్ ప్రతిలో వింటే గొంతు గరగరలాడుతుంది. ఎవరి పాట ఎక్కువ గట్టిగా మోగాలన్న, 1990ల నుంచి పెరిగిన పోటీలో హెచ్చుతగ్గులు నొక్కిపెట్టిన కొత్త పాటలదీ ఇదే ఇబ్బంది. వీటిని సరిచేయడానికి ఇంట్లో శాశ్వతమైన అమరిక ఏదీ లేదు. పాత మోనో పాటకు ఆంప్లిఫయర్ మీద మోనో మీట నొక్కి ట్రెబుల్ మూడు డెసిబెల్స్ తగ్గించాలి, బాగా రికార్డయిన కచేరీకి నాబ్‌లు రెండూ నడిమికి తేవాలి, వాల్యూమ్ తగ్గించినప్పుడల్లా బాస్ కొంచెం పెంచాలి.